అమెరికాలో తొలి రాత్రే వికెట్లు.. ఇందూరులో 185 మంది బరిలోనే! అసలు కాకస్ అంటే ఏంటి?

మాక్లూర్ (నిజామాబాద్): అమెరికా అధ్యక్ష ఎన్నిక అనగానే నవంబర్‌లో జరిగే పోలింగే గుర్తొస్తుంది. కానీ అప్పటికి అసలు ఆట చాలావరకు అయిపోయి ఉంటుంది. ఏడాది ముందు పది, పదిహేను మంది పోటీలో ఉంటే.. నవంబర్ నాటికి ప్రధాన పార్టీల్లో ఒక్కోదానికి ఒక్కరే మిగులుతారు. మిగతా వాళ్లంతా ఎక్కడ తప్పుకున్నారు? వాళ్లను తప్పించింది ఎవరు? ఈ ప్రశ్నకు సగం జవాబు మొక్కజొన్న పండించే ఓ చిన్న రాష్ట్రంలో, చలికాలం రాత్రి పూట, బడి హాళ్లలో దొరుకుతుంది. ఆ మీటింగ్ పేరే కాకస్.

పసుపు, ఎర్రజొన్న పండించే మాక్లూర్, ఆర్మూర్ జనానికి ఈ లెక్క కొత్తేం కాదు. అభ్యర్థుల లిస్టు ఎలా తగ్గుతుంది, తగ్గకపోతే ఏమవుతుంది అన్నది 2019లో ఇదే నిజామాబాద్ లోక్‌సభ సీటు దేశానికి చూపించింది. ఆ కథలోకి వెళ్లే ముందు అయోవాలో ఏం జరుగుతుందో చూద్దాం.

సంక్రాంతి రాత్రి.. 40 మంది డెలిగేట్ల కోసం

2024 జనవరి 15. మనకు సంక్రాంతి పండుగ. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఆ రోజు మైనస్ 20 డిగ్రీల చుట్టుపక్కల చలి. రాత్రి 7 గంటలకు, అంటే మన టైమ్ ప్రకారం కనుమ రోజు పొద్దున ఆరున్నరకు, రిపబ్లికన్ పార్టీ కాకస్‌లు మొదలయ్యాయి. బళ్లు, చర్చిలు, కమ్యూనిటీ హాళ్లలో 1,600కు పైగా ప్రిసింక్ట్‌ల జనం కూర్చున్నారు. ప్రిసింక్ట్ అంటే మన పోలింగ్ బూత్ పరిధి లాంటిది.

వచ్చింది మొత్తం కలిపి సుమారు 1.10 లక్షల మంది. రాష్ట్రం మొత్తానికి అంతే! నిజామాబాద్ లోక్‌సభ సీటు ఒక్కదానిలోనే 15 లక్షలకు పైగా ఓటర్లున్నారు. 2019లో ఇక్కడ గెలిచిన అభ్యర్థికి వచ్చిన ఓట్లే 4.80 లక్షలు. అందులో నాలుగో వంతు కూడా లేని జనం అమెరికా అధ్యక్ష రేసులో ఎవరుండాలో, ఎవరు ఇంటికి పోవాలో తేల్చేశారు.

ఆ రాత్రి ట్రంప్‌కు 51 శాతం ఓట్లొచ్చాయి. ఫ్లోరిడా గవర్నర్ రాన్ డీశాంటిస్‌కు 21, నిక్కీ హేలీకి 19, వివేక్ రామస్వామికి దాదాపు 8 శాతం. రామస్వామి ఆ రాత్రే తప్పుకుని ట్రంప్‌కు మద్దతు ప్రకటించారు. 200 ఓట్లు కూడా రాని అర్కాన్సా మాజీ గవర్నర్ ఏసా హచిన్సన్ మర్నాడే బ్యాగ్ సర్దుకున్నారు. డీశాంటిస్ అయితే అయోవాలోని 99 కౌంటీలూ తిరిగారు. రెండో స్థానం కూడా వచ్చింది. అయినా జనవరి 21న ఆయన కూడా ఔట్. భారత మూలాలున్న ఇద్దరిలో హేలీ ఒక్కరే మార్చి 6 దాకా నిలబడ్డారు.

ఇక్కడే అసలు ట్విస్ట్. పార్టీ నామినేషన్ గెలవాలంటే 2,429 మంది డెలిగేట్లలో 1,215 మంది కావాలి. డెలిగేట్లంటే పార్టీ జాతీయ సదస్సులో అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులు. అయోవా వాటా 40 మాత్రమే. వంద రూపాయల్లో రెండు రూపాయలు కూడా కాదన్నమాట. ట్రంప్‌కు అందులో 20 వచ్చాయి. లెక్క ప్రకారం ఇంకా 98 శాతం మిగిలే ఉంది. చట్టం ఎవరినీ తప్పుకోమనలేదు. మరి ఎందుకు తప్పుకున్నారు?

ప్రైమరీ వేరు.. కాకస్ వేరు

ముందు ఈ రెండు మాటల తేడా తెలియాలి. ప్రైమరీ అంటే మామూలు పోలింగే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎప్పుడైనా వెళ్లి పార్టీ అభ్యర్థిగా ఎవరుండాలో ఓటేసి రావచ్చు. సాధారణంగా ప్రభుత్వమే నిర్వహిస్తుంది. కాకస్ మాత్రం పార్టీ సొంతంగా పెట్టుకునే మీటింగ్. టైమ్‌కు రావాలి, కూర్చోవాలి, వినాలి, ఆ తర్వాతే ఓటు. రచ్చబండ దగ్గర ఊరంతా కూర్చున్నట్టే.. కాకపోతే ఒక పార్టీ వాళ్లే ఉంటారు.

రిపబ్లికన్ కాకస్ సింపుల్. ఒక్కో అభ్యర్థి తరఫున ఊరివాళ్లే లేచి రెండు మాటలు మాట్లాడతారు. తర్వాత తెల్లకాగితం మీద పేరు రాసి ఇస్తారు. అక్కడికక్కడే అందరి ముందూ లెక్కిస్తారు.

డెమొక్రాట్లు 2020 దాకా నడిపిన పద్ధతి మాత్రం చూసి తీరాల్సిందే. అందులో ఓటు రహస్యం కాదు. ఎవరికి మద్దతిస్తే ఆ గుంపులోకి నడిచి వెళ్లి నిలబడాలి. మాక్లూర్‌లో ఓ బడి హాల్లో వంద మంది చేరారనుకుందాం. ఐదుగురు అభ్యర్థులు, ఐదు మూలలు. ఏ దగ్గర 42 మంది, బీ దగ్గర 30, సీ దగ్గర 14, డీ దగ్గర 9, ఈ దగ్గర 5. రూల్ ఏంటంటే.. వందకు కనీసం 15 మంది లేని గుంపు చెల్లదు. అంటే సీ, డీ, ఈ ముగ్గురూ గల్లంతే. కానీ ఆట అప్పుడే అయిపోదు. చెల్లని గుంపుల్లో ఉన్నవాళ్లకు ఇంకో చాన్స్ ఇస్తారు. సీ మనుషులు ఈ దగ్గరికి వెళ్లి 'ఒక్కరు రండి చాలు' అని బతిమాలతారు. ఏ వాళ్లు, బీ వాళ్లు కూడా వచ్చి 'మీవాడు ఎలాగూ గెలవడు, మావైపు రండి' అంటారు. పక్కింటివాళ్లు, కలిసి పనిచేసేవాళ్లు, ఒకే బస్సెక్కేవాళ్లు ఎదురెదురుగా నిలబడి ఒప్పించుకుంటారు. ఒక్క మనిషి అటు నడిస్తే సీ బతుకుతారు. ఎవరూ కదలకపోతే పద్నాలుగు మంది మద్దతున్నా ఆ హాల్లో ఆయనకు దక్కేది సున్నా.

అభ్యర్థుల సంఖ్య తగ్గించే యంత్రం ఆ హాల్లోనే ఉందన్నమాట. చిన్న అభ్యర్థికి రాష్ట్రమంతా పది శాతం మద్దతున్నా, ఏ హాల్లోనూ 15 దాటకపోతే రికార్డుల్లో కనిపించేది దాదాపు ఏమీ ఉండదు.

గెలిచేవాళ్లను చూపించదు.. ఓడేవాళ్లను పంపించేస్తుంది

అయోవాలో గెలిస్తే అధ్యక్షుడు అయిపోతారా? అస్సలు కాదు. రిపబ్లికన్లలో 2008లో మైక్ హకబీ, 2016లో టెడ్ క్రూజ్ అయోవా గెలిచారు. ఇద్దరిలో ఎవరికీ నామినేషన్ దక్కలేదు. 2012 కథ ఇంకా విచిత్రం. ఆ రాత్రి మిట్ రోమ్నీ 8 ఓట్లతో గెలిచారని ప్రకటించారు. రెండు వారాల తర్వాత సరిగ్గా లెక్కిస్తే రిక్ శాంటోరమ్ 34 ఓట్లతో ముందున్నారు. కానీ అప్పటికే 'విజేత'గా రోమ్నీ ఫొటోలు దేశమంతా తిరిగాయి. చివరికి నామినేషన్ కూడా ఆయనకే వచ్చింది.

కాకస్ చేసే అసలు పని వేరే. అది వెనకబడ్డవాళ్ల ఊపిరి తీసేస్తుంది. ఎలాగంటే.. అక్కడ ప్రచారం విరాళాల మీద నడుస్తుంది. ఓడిపోయేవాడికి రెండో చెక్కు ఎవరూ రాయరు. డబ్బు ఆగితే ముందు స్టాఫ్ పోతారు, తర్వాత యాడ్స్ పోతాయి. టీవీ డిబేట్లలో సీటు కావాలంటే సర్వేల్లో ఇంత శాతం ఉండాలనే కండిషన్ ఉంటుంది. సర్వేలో కనిపించాలంటే వార్తల్లో ఉండాలి. వార్తల్లో ఉండాలంటే అయోవాలో ఏదో ఒకటి చేసి చూపించాలి. ఒక్క పోగు తెగితే మొత్తం జారిపోతుంది.

యార్డులో సీజన్ మొదట్లో పలికిన ధర చూసి ఎంతమంది రైతులు పసుపు తేవాలా, ఆపాలా అని నిర్ణయించుకుంటారో తెలిసిందే. మొదటి రోజు వచ్చేది కొన్ని బస్తాలే. కానీ దాని కబురు వెనక బండి కట్టేవాళ్లందరికీ చేరుతుంది. అయోవా కూడా అంతే. కొన్నిసార్లు ఆ కబురుకు భయపడి కాకస్ కంటే ముందే తప్పుకుంటారు. 2024 రేసులో మైక్ పెన్స్ 2023 అక్టోబర్‌లో, టిమ్ స్కాట్ నవంబర్‌లో వెళ్లిపోయారు. ఒక్క ఓటు కూడా పడకముందే!

ఇంకో మాట. అక్కడ ఎవరూ 'తప్పుకున్నా' అనరు. 'ప్రచారాన్ని సస్పెండ్ చేస్తున్నా' అంటారు. అప్పులు తీర్చడానికి విరాళాలు తీసుకునే దారి తెరిచి ఉంచుకోవడం అందులో ఒక కారణం.

బైడెన్‌ను రెండుసార్లు కొట్టిన రాష్ట్రం

అయోవా పవర్ ఏంటో జో బైడెన్‌ను అడగాలి. 2008 జనవరి 3న అక్కడ ఒబామా గెలిచారు. ఒక శాతం దరిదాపుల్లో ఆగిపోయిన బైడెన్ ఆ రాత్రే రేసు వదిలేశారు. 2020లో మళ్లీ వచ్చి నాలుగో స్థానంలో పడ్డారు. అప్పటికి ఆయన పని అయిపోయిందని చాలామంది రాసేశారు. ఫిబ్రవరి 29న సౌత్ కరోలినాలో నల్లజాతి ఓటర్లు ఆయన్ను గట్టెక్కించారు. వెంటనే పీట్ బుటజెజ్, ఏమీ క్లోబుచర్ తప్పుకుని ఆయనకే మద్దతిచ్చారు. మూడు రోజుల తర్వాత మార్చి 3 సూపర్ ట్యూస్‌డేతో రేసు తిరగబడింది.

అదే 2020లో అయోవా డెమొక్రాట్ల పరువు కూడా పోయింది. ఫలితాలు పంపడానికి తెచ్చిన కొత్త మొబైల్ యాప్ మొరాయించింది. రోజుల తరబడి లెక్క తేలలేదు. బుటజెజ్, బెర్నీ శాండర్స్ ఇద్దరూ గెలిచామన్నారు. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ విజేతను ప్రకటించలేమని చేతులెత్తేసింది. దాంతో అధ్యక్షుడిగా ఉన్న బైడెన్ 2024కు క్యాలెండర్ మార్చేశారు. డెమొక్రాట్ల తొలి అధికారిక పోరు సౌత్ కరోలినాకు వెళ్లింది. అయోవా డెమొక్రాట్లు పోస్టులో ఓట్లు తీసుకున్నారు.

మార్పుకు కారణం యాప్ ఒక్కటే కాదు. రాత్రి 7 గంటలకు హాల్లో ఉండాలంటే నైట్ షిఫ్ట్ కార్మికులు, చంటిపిల్లల తల్లులు, నడవలేని ముసలోళ్లు ఏం చేయాలి? పైగా అయోవాలో అత్యధికులు తెల్లజాతి వాళ్లే. వాళ్లే మొదట మాట్లాడితే మిగతా అమెరికా మాట ఎప్పుడు వినిపిస్తుంది? ఈ విమర్శలతోనే ఒక్కో రాష్ట్రం కాకస్ వదిలి ప్రైమరీకి మారుతూ వచ్చింది.

మొదట మాట్లాడటంలో లాభం కూడా ఉంది మరి. అమెరికాలో మొక్కజొన్న ఉత్పత్తిలో, దాంతో తీసే ఇథనాల్‌లో అయోవా నంబర్ వన్. అందుకే అక్కడికి వచ్చే నేతల్లో ఎక్కువ మంది ఇథనాల్‌కు జై కొట్టి వెళ్తారు. క్రూజ్ ఒక్కరు ఆ ప్రభుత్వ నిబంధనను వ్యతిరేకిస్తూ కూడా 2016లో గెలిచారు కానీ.. అది మినహాయింపే. పంట, ఓటు, టైమింగ్.. ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో నిజామాబాద్ రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు.

2019.. విత్‌డ్రా చేసుకోని ఊళ్లు

2019 ఫిబ్రవరిలో ఆర్మూర్ దగ్గర హైవేల మీద రైతులు బైఠాయించారు. పసుపుకు క్వింటాల్‌కు రూ.15 వేలు, ఎర్రజొన్నకు రూ.3,500 కావాలి, పసుపు బోర్డు రావాలి అన్నది డిమాండ్. వినేవాళ్లు లేరనిపించాక ఊళ్లల్లో మాట్లాడుకుని నామినేషన్ల బాట పట్టారు. మార్చి 28న విత్‌డ్రా గడువు ముగిసేసరికి నిజామాబాద్ బరిలో 185 మంది మిగిలారు. అందులో 178 మంది రైతులు.

మన పద్ధతిలో లిస్టు తగ్గించే మెట్లు మూడు. స్క్రూటినీలో పేపర్లు సరిగా లేనివి పోతాయి. విత్‌డ్రా గడువులో బుజ్జగింపులతో కొన్ని పోతాయి. డిపాజిట్ భయంతో మరికొందరు అసలు ఇటువైపే రారు. రైతులు ఆ రెండో మెట్టు దగ్గర మొండికేశారు. బుజ్జగించడానికి వచ్చిన వాళ్లు కూడా ఎంతమందిని బుజ్జగిస్తారు?

ఫలితం ఎన్నికల సంఘం మీద పడింది. ఒక బ్యాలెట్ యూనిట్‌లో 16 పేర్లే పడతాయి. 185 మందికి తోడు నోటా. అంటే ఒక్కో బూత్‌లో 12 యూనిట్లు వరసగా పెట్టాలి. పాత మోడల్ ఈవీఎంలకు అది కుదరదు. మొదట పేపర్ బ్యాలెట్ అనే మాట కూడా వచ్చింది. చివరికి ఎం3 రకం యంత్రాలు తెప్పించారు. ఏప్రిల్ 11న ఓటర్లు 12 పెట్టెల ముందు తమ గుర్తు వెతుక్కుంటూ నడిచారు.

రైతుల్లో ఎవరూ గెలవలేదు. గెలవడానికి దిగలేదు కూడా. డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు రావాలి. పసుపు బోర్డు తెస్తానని బాండ్ పేపర్ రాసిచ్చిన బీజేపీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్ 4,80,584 ఓట్లతో గెలిచారు. అప్పటి సీఎం కేసీఆర్ కూతురు, సిట్టింగ్ ఎంపీ కవిత 4,09,709 ఓట్లతో ఓడారు. డిపాజిట్ దక్కింది ఈ ఇద్దరికే. రెండుసార్లు ఎంపీగా చేసిన మధుయాష్కీ గౌడ్‌తో సహా మిగతా 183 మందికీ గల్లంతు. రైతులంతా జనరల్ కేటగిరీ అనుకుంటే తలా రూ.25 వేల చొప్పున రూ.44.5 లక్షలు సర్కారు ఖాతాలో కలిసినట్టు.

అయితే ఆ డబ్బుతో వాళ్లు కొనుక్కున్నది వేరే. దేశంలో ఏ టీవీ పెట్టినా పసుపు రైతు కనిపించాడు. అయోవాకు క్యాలెండర్ ఇచ్చిన ప్రాధాన్యాన్ని వీళ్లు బ్యాలెట్ పొడవుతో తెచ్చుకున్నారు. బోర్డు రావడానికి మాత్రం ఏళ్లు పట్టింది. 2023 అక్టోబర్ 1న పాలమూరులో ప్రధాని మోదీ ప్రకటించారు. 2025 జనవరి 14న, సరిగ్గా సంక్రాంతికి, నిజామాబాద్ కేంద్రంగా బోర్డు మొదలైంది. క్వింటాల్‌కు గ్యారంటీ ధర అన్న డిమాండ్ మాత్రం ఇంకా అక్కడే ఉంది.

నల్లగొండ తర్వాత మారిన రూల్

ఈ ఐడియా ఇందూరు రైతులదే మొదటిది కాదు. 1996లో ఫ్లోరైడ్ నీళ్ల గోస చెప్పడానికి నల్లగొండ లోక్‌సభ బరిలో 480 మంది నిలబడ్డారు. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది. పోలింగ్ వాయిదా వేయాల్సి వచ్చింది. అదే ఏడాది తమిళనాడులోని మొడకురిచి అసెంబ్లీ సీటుకు 1,033 మంది! అప్పటికి లోక్‌సభ డిపాజిట్ రూ.500 మాత్రమే. ఆ దెబ్బకు చట్టం మార్చి రూ.10 వేలు చేశారు. గుర్తింపు పొందిన పార్టీల తరఫున కాకుండా పోటీ చేసేవాళ్లకు పది మంది ప్రతిపాదకులు తప్పనిసరి అన్నారు. తర్వాత అది రూ.25 వేలకు పెరిగింది. అమెరికాలో చిన్న అభ్యర్థిని చందాల కరువు తప్పిస్తే, ఇక్కడ డిపాజిట్ రేటు తప్పిస్తోంది.

మరి పార్టీల లోపల ఎవరు తగ్గిస్తారు?

అసలు జల్లెడ ఇక్కడే ఉంది. 2023 తెలంగాణ అసెంబ్లీ ఎన్నికలప్పుడు కాంగ్రెస్ టికెట్లకు దరఖాస్తులు పిలిచింది. జనరల్ వాళ్లకు ఫీజు రూ.50 వేలు. 119 సీట్లకు వెయ్యికి పైగా వచ్చాయి. వాటిని వడపోసింది గాంధీభవన్, ఆ తర్వాత ఢిల్లీ. ఆగస్టు 21న కేసీఆర్ అయితే ఒకే ప్రెస్‌మీట్‌లో 115 పేర్లు చదివేశారు. ఆర్మూర్‌లోనో మాక్లూర్‌లోనో ఉన్న పార్టీ కార్యకర్త ఈ రెండింటిలోనూ ఓటు వేయలేదు. బీ-ఫామ్ ఎవరికొస్తే వాళ్లకు జెండా పట్టాడు. 2014లో రాహుల్ గాంధీ చొరవతో కాంగ్రెస్ కొన్ని లోక్‌సభ సీట్లలో అమెరికా తరహా ప్రైమరీలు ట్రై చేసింది కానీ.. అది నిలబడలేదు.

అయోవాలో పార్టీ మెంబర్‌గా అక్కడికక్కడే నమోదు చేసుకుని కూర్చోవచ్చు. నవంబర్ నాటికి 18 నిండే 17 ఏళ్ల పిల్లలకూ ఓటుంది. ఇండియా నుంచి వెళ్లి హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు మాత్రం లేదు. పౌరసత్వం ఉండాల్సిందే.

ఊరి కమిటీ కాకస్ అవుతుందా?

నిజానికి ఆర్మూర్ ప్రాంతంలో ఎన్నికకు ముందే కూర్చుని తేల్చుకునే అలవాటు బలంగానే ఉంది. దాని పేరు వీడీసీ, అంటే గ్రామాభివృద్ధి కమిటీ. కుల సంఘాల పెద్దలు కూర్చుని సర్పంచ్ ఎవరో ముందే అనుకుంటారు. మిగతావాళ్లు విత్‌డ్రా చేసుకుంటారు. ఏకగ్రీవం! ఖర్చు మిగులుతుంది, లొల్లి తగ్గుతుంది అన్నది ఒక వాదన. ఏకగ్రీవాలకు ప్రభుత్వాలు నజరానాలు ప్రకటించిన సందర్భాలూ ఉన్నాయి.

కానీ కాకస్‌కూ దీనికీ మధ్య తేడా చిన్నది కాదు. కాకస్‌లో ఓడినవాడు తనంతట తాను తప్పుకుంటాడు. ఉంటానంటే హేలీలా రెండు నెలలు ఉండొచ్చు. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఓటు ఉంటుంది. వీడీసీలకు చట్టబద్ధత లేదు. కూర్చునేది కొందరే. మాట వినని కుటుంబాలను సాంఘికంగా బహిష్కరించారన్న ఫిర్యాదులు జిల్లాలో పోలీస్ స్టేషన్ల దాకా వెళ్లాయి. కొన్నిచోట్ల సర్పంచ్ పదవికి వేలం పాట పెట్టారన్న వార్తలు ప్రతి పంచాయతీ ఎన్నికలప్పుడూ వస్తాయి. 2025 డిసెంబర్‌లో మూడు విడతల్లో జరిగిన ఎన్నికలప్పుడూ వచ్చాయి. వేలం చట్టవిరుద్ధమని రాష్ట్ర ఎన్నికల సంఘం చెబుతూనే ఉంది.

తప్పుకోమని బెదిరిస్తే రిటర్నింగ్ ఆఫీసర్‌కు గానీ, జిల్లా ఎన్నికల అధికారిగా ఉండే కలెక్టర్‌కు గానీ ఫిర్యాదు చేయొచ్చు.  గడువు దాటాక ఒక్క పేరే మిగిలితే ఆ పదవికి పోలింగ్ ఉండదు. నోటాకు ఓటేసే చాన్స్ కూడా ఉండదు.